పన్నెండో ఫ్రెట్

జులై 8, మంగళవారం

మెషిన్ ప్రోగ్రాం నేనే తప్పు రాశానట. షాపులో అందరి ముందూ అన్నారు మా ఓనరు వీరేంద్ర సార్. రాజోలు చర్చి పిల్లలకు మేం చేసిచ్చిన పన్నెండు గిటార్లూ శ్రుతి పలకడం లేదు, లోపం వాటిదా పిల్లలదా అని అక్కడి హన్నా టీచరు గారు ఫోన్ చేశారట. మూడేళ్లుగా కంప్యూటర్‌తో నడిచే ఈ సీఎన్‌సీ మెషిన్ మీద గిటార్ మెడలు కోస్తున్నాను. ఒక్కటి తిరిగి రాలేదు. తప్పు నాదేనని కాగితం రాసిమ్మన్నారు. ఇవ్వలేదు.

జులై 9, ఉదయం 7.30

ఎవరూ రాకముందే వెళ్లి కంప్యూటర్ తెరిచాను. నా ఫైల్లో తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. మెషిన్‌లోకి వెళ్లింది 628. మార్చింది ఆదిత్య, సార్ బావమరిది. నేను సెలవు పెట్టిన రోజున. కర్ర పొట్టిగా వచ్చిందని డ్రాయింగ్ మొత్తం కుదించేశాడు. తీగలు కట్టే బ్రిడ్జిని మాత్రం పాత కొలతకే అతికించారు. మెడ పైకొసన తీగలు ఆనే నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి, అంటే మెడ మీది పన్నెండో లోహపు మెట్టుకి ఎంతో, అక్కణ్నుంచి బ్రిడ్జికీ అంతే ఉండాలి. అంతే కదా లెక్క.

సాయంత్రం

సార్‌కి చూపించాను. ఆయ్, నాకు తెలుసు ప్రసన్నా అన్నారు. ఇంట్లోవాణ్ని బయట పెట్టుకోలేం కదమ్మా, నువ్వయితే సర్దుకుపోతావని అన్నారు. నవ్వుతూ అన్నారు.

జులై 10

సర్దుకుపోతానట.

జులై 12, శనివారం

స్టీలు స్కేలు పట్టుకుని రాజోలు బస్సెక్కాను. పిల్లలు ప్రాక్టీసులో ఉన్నారు. బ్లెస్సీ అనే పదకొండేళ్ల పిల్లకి మూడు వేళ్లకి ప్లాస్టర్. సరిగ్గా నొక్కడం లేదని టీచరు గారు కోప్పడుతుంటే ఇంటి దగ్గర ఇంకో రెండు గంటలు వాయిస్తోందట. మూడు వారాలుగా.

స్కేలు పెట్టి చూపించాను. ఇటు 314, అటు 334. టీచరు గారు స్కేలు నా చేతిలోంచి తీసుకుని పన్నెండు గిటార్లూ తనే కొలిచారు. చివరిది కొలిచాక, అయితే పిల్లలు బాగానే వాయించేరన్నమాటండి అన్నారు. 

బస్సులో ఆదిత్యని తిట్టుకున్నాను. సార్‌ని తిట్టుకున్నాను. కొత్తపేట మలుపు వచ్చాక గుర్తొచ్చింది, ప్యాక్ చేసింది నేనే. ఒక్కదానికీ స్కేలు పెట్టలేదు.

జులై 14, సోమవారం

సరుకు కొన్న పార్టీ దగ్గర పరువు తీశానట. రేపట్నుంచి రావద్దన్నారు సార్. సరేనండి అన్నాను. ఆదిత్య ఫోన్‌లోంచి తలెత్తలేదు. వాడి ముందే నిలబడి, పిల్లల వేళ్లు పుండ్లయ్యేయని చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

జులై 19

టీచరు గారి వరండాలో పని. ఇస్త్రీపెట్టెతో బ్రిడ్జిని వేడి చేసి, సన్నటి కత్తి కిందికి పోనిచ్చి ఊడదీసి, ఇరవై మిల్లీమీటర్లు ముందుకు జరిపి అతికిస్తున్నాను. పాత బ్రిడ్జి మచ్చ పోదు. కోపంతో కత్తి గట్టిగా తోస్తే చెక్క పెచ్చులు లేస్తోంది. అందుకని కోపాన్ని ఆపుకుంటూ చెయ్యాలి. ఆపుకోవడం కష్టంగా ఉంది. ఇవాళ్టికి నాలుగు అయ్యాయి.

జులై 27, ఆదివారం

ఆరాధన అయ్యాక హన్నా టీచరు గారు పిల్లల ముందు నిలబడి, నన్ను క్షమించండమ్మా అన్నారు. ఏం చెయ్యాలో తెలియక పిల్లలంతా లేచి నిలబడ్డారు.