కుంకుమ పడిన డ్రైవు

గుత్తి. ఆయుధపూజ అయిన మూడో రోజు.

పొద్దున్నుంచి ఈ పాత కంప్యూటరుతో సస్తాండా. ఫ్లాపీ పెడితే గరగరమంటాది గానీ చదవదు. సెటప్‌లో డ్రైవు సెట్టింగు మార్చినా, కేబులు పీకి మళ్లా పెట్టినా లాభం లేదు. ఫ్లాపీయే చెడిందేమోనని, దాచిపెట్టిన రెండో కాపీ కూడా పెట్టినా. అదీ గరగరే. ఆ పైన గానీ డ్రైవు విప్పాలని తోచలేదు ఈ ఎదవకు.

లోపలంతా కుంకుమ. పండగనాడు నాయన గొర్రెల కత్తెరకు పెట్టినట్టే దీనికీ బొట్టు పెట్టి, ఫ్లాపీ పెట్టే సందులోకి కూడా ఇంత చల్లినాడు. రెండు ఫ్లాపీలూ గీసుకపోయినాయి. నాయన గొర్లు మేపుతా పాడిన పాటలన్నీ వాటిలోనే ఉండాయి. టైపు అయిపోయింది గదా అని కాగితాలు నేనే పారేసినా. ఎవర్ని తిట్టేది?

"పూజ చేసినాం గదప్పా, ఎట్ల చెడిపోతాది?" అన్నాడు నాయన. కుంకుమ సంగతి చెప్పేకి నోరు రాలేదు. పాటలు పోయినాయని మాత్రం చెప్పినా.

"పోతే పోనీలే, మళ్లా పాడతా, రాసుకో" అని గొంతు సవరించుకున్నాడు. రెండు చరణాలు పాడి ఆగిపోయినాడు. నా మొహం చూసి అడిగినాడు.

"ఆ మీద ఏమొస్తాదిరా? నువ్వు రాసుకున్నావు గదా?"