నా ముఖంతో ఆడిన అబద్ధం

సమాచార శాఖ పైఅధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పొరుగు దేశపు తల్లి ఒకామెకు ఈ పూటే నిజం చెప్పుటకు అనుమతి కోరుట గురించి.

1. నేను బట్టలు కుట్టుకుని బతుకుతున్న యాభై నాలుగేళ్ళ మనిషిని. తమ కార్యాలయం మూడో అంతస్తులో, పొరుగు దేశస్థుల పేర్లతో పోస్టులు పెట్టే ఉద్యోగి నా తమ్ముడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే.

2. వాడు నడిపే ముప్ఫై ఖాతాల్లో ఒకదానికి నా ఫొటో పెట్టాడు. అందులో నేను ఆ దేశపు రిటైర్డ్ నర్సునట. అక్కడి ఆసుపత్రిలో చేసిన ఇంజెక్షను వికటించి నా మనవడు పోయాడట. నాకు పెళ్ళే కాలేదని మనవి. ఇదేం పనిరా అంటే, "నీ ముఖం చూస్తే ఎవరైనా నమ్ముతారక్కా" అన్నాడు.

3. నమ్మారు. ఆ దేశపు తల్లి ఒకామె నిన్న రాసింది, తమ్ముడు చదివి చెప్పాడు. మూడేళ్ళ పాప. గొంతు వాచి ఊపిరి ఆడటం లేదు. డాక్టరు అదే ఇంజెక్షను చేయాలంటున్నాడు. "మీరు వద్దంటే చేయించను, పెద్దమ్మా."

4. తమ్ముడు నిజం చెప్పి జవాబు రాస్తానన్నాడు. ఖాతా ఒకసారి అన్న మాట మార్చకూడదన్నది తమ నిబంధన అట. సెక్షన్ పెద్దాయన, "నిజం చెప్పడానికా నీకు జీతం? కూర్చో" అన్నాడట. వాడు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, లేచిపోయాడు. ఈ రోజు మంచం దిగలేదు. ఆఫీసు ఫోను తిరిగి ఇచ్చేయమని నా చేత పంపాడు.

5. ఆమె పొద్దున మళ్ళీ అడిగింది. ఏం చేయను, అని.

దేశ ప్రయోజనాలు నాకు తెలియవు. ఆ ముఖం నాది. కావున "చేయించు" అన్న ఒక్క మాటకు తక్షణం ఉత్తర్వు ఇప్పించి, నా మొర చిత్తగించ ప్రార్థన. రోజూ దేవుడి ముందు తమ క్షేమం కూడా అడుగుతున్నాను.

తమ విధేయురాలు,
తమ ఉద్యోగి అక్క

తా.క.: అర్జీ ఇవ్వబోతే గుమాస్తా, "నలభై రోజులు పడుతుందమ్మా, ఇంటికెళ్ళండి" అన్నాడు.

"అప్పటిదాకా పాప ఆగుతుందా నాయనా?"

"ఏ పాప?" అన్నాడు.

తమ వరండా బల్ల మీద కూర్చుని వీడియో కాల్ నొక్కాను. ఆమె ఎత్తింది. నాకు వాళ్ళ భాష రాదు. నా చేతికి సూది గుచ్చినట్టు వేలితో చూపించి, దణ్ణం పెట్టాను. మళ్ళీ చూపించాను. ఆమె నా ముఖాన్నే చూసింది. వెనక పాప ఊపిరి ఈలలా వినబడుతోంది. చటుక్కున ఫోను పడేసి పాపను ఎత్తుకుంది. తలుపు చప్పుడైంది.

కాల్ ఇంకా కట్ కాలేదు. వాళ్ళ ఇంటి పైకప్పు కనబడుతోంది. ఆమె తిరిగొచ్చేదాకా ఈ ఫోను తమకు అప్పగించలేను. ఇక్కడే బల్ల మీద ఉన్నాను.