నోరు విప్పినవాళ్ళదే పని

చెక్క సామాన్ల షాపు యజమానురాలిని, చిన్న బడి పక్క సందు కాపురస్తురాలిని, పేటంతా రంపం పిన్ని అని పిలిచే నేను, పూర్తి తెలివితో, నోరు ఇంకా పడిపోకుండా ఉండగా, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం చెప్పి రాయించిన వీలునామా ఇది. నా బుర్ర భేషుగ్గా ఉందని డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు. గుండె గురించి మాత్రం వేరే కాగితం రాశారు. ఆపరేషన్ చేయించుకోమన్నారు, నేను వద్దన్నాను. పుచ్చిన చెక్కకు కొత్త మేకు కొడితే ఉన్నదీ చీలుతుంది. ఆ సంగతి అంతటితో సరి, ఇక ఆస్తి సంగతికి వస్తాను.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. కోపం వచ్చినప్పుడల్లా ఉన్నదంతా దారినపోయేవాళ్ళకు రాసేస్తానని బెదిరించిన మాట నిజమే. ఆ బెదిరింపులన్నీ ఇందుమూలంగా రద్దు చేయడమైనది.

1. కలప షెడ్డు. మా పేటకు బడులు మూడు, మూడింటికీ కలిపి సంఘం ఒకటి. టీచర్లు, పిల్లల తల్లిదండ్రులు, షాపులవాళ్ళు అందరూ అందులో సభ్యులే. చిన్న బడిలో ఐదు తరగతులు ఒకే గదిలో నడుస్తాయి. ఒక మూల పాట, ఇంకో మూల ఎక్కాలు. రెండో తరగతి పిల్లలు ఎక్కాలకు రాగం కట్టేశారు. సెలవులైపోయి బడి తెరిచేనాటికి రెండో గది లేకపోతే ఈ బడిని మూసేసి పిల్లల్ని పెద్ద బడిలో కలిపేస్తామని పై అధికారులు తేల్చి చెప్పారు. పెద్ద బడికి పోవాలంటే లారీల రోడ్డు దాటాలి. గుండె గట్టిగా ఉన్న రోజుల్లోనే ఆ రోడ్డు దాటడానికి నేను వెనకాముందూ చూసేదాన్ని. ఇక ఆరేళ్ళ పిల్లల మాట చెప్పేదేముంది. అందుచేత ఆ బడి గోడకు ఆనుకుని ఉన్న నా షెడ్డును, దాని కింది నేలతో సహా, సర్వహక్కులతో సంఘానికి ఇస్తున్నాను. నా తదనంతరం కాదు, నేటినుంచే. వీలునామాలో అలా రాయకూడదని ప్లీడరుగారు అభ్యంతరం చెప్పారు. అధికారులు నా చావు దాకా ఆగరు కదా అంటే ఆయన వేరే దానపత్రం తయారుచేసి పెట్టారు. రెండింట్లోనూ ఉంటే నష్టం లేదు, తాళం మీద తాళం.

2. నిబంధన. సంఘం సమావేశంలో ఏ లోపం గురించి ఎవరు నోరు విప్పితే దాన్ని బాగుచేసే పని వాళ్ళదే. ఇది పెద్ద బడి హెడ్మాస్టరుగారు, తాను కొలువులో ఉన్నప్పుడు పెట్టిన నిబంధన. నా నోరు మూయించడానికే పెట్టారని నేను, కాదని ఆయన, ఇన్నేళ్ళుగా వాదించుకుంటూనే ఉన్నాం. నా నోరు మూతపడలేదు గానీ మిగతా అందరి నోళ్ళూ మూతపడ్డాయి. మర్నాటి నుంచి మా బడుల్లో లోపమన్నది మచ్చుకైనా లేదు. కుళాయి కారి వరండా అంతా బురదైతే, పోనీలెండి నీళ్ళకు కరువు లేదన్నారు. బల్ల కాలు విరిగితే పిల్లలకు ఒద్దికగా కూర్చోవడం అలవాటవుతుందన్నారు. నేనొక్కదాన్నే బుద్ధి తెచ్చుకోలేదు. బల్లలు బాగాలేవన్నాను, బల్లలు చేశాను. మరుగుదొడ్డికి గడియ లేదన్నాను, గడియ బిగించాను. తల్లులు పనుల నుంచి ఇల్లు చేరకముందే సమావేశం ముగించేస్తే వాళ్ళెప్పుడు వస్తారని అడిగాను, ఇంటింటికీ తిరిగి అందరికీ కుదిరే వేళ కనుక్కుని వచ్చాను. నోరా వీపుకు దెబ్బలు తేకే అంటారు. నా నోరు నాకు మూడు బడులు తెచ్చిపెట్టింది. ఈ నిబంధనను సంఘం ఎన్నటికీ మార్చరాదు. మార్చిన పక్షంలో నేను చేసిన బల్లలన్నీ మా షాపుకు వాపసు రావలెను.

3. నా మరిదికి. సిమెంటు, రేకుల వ్యాపారి. షెడ్డు మీద ఇతనికి చాలాకాలంగా కన్నుంది, సిమెంటు బస్తాలు వేసుకోవచ్చని. నేను దాన్ని బడికి ఇస్తున్నానని తెలిసి ఎన్నడూ లేనిది పోయిన సమావేశానికి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. సంఘం చేత వద్దనిపించాలని లేచి నిలబడి, "ఆ రేకులన్నీ చిల్లులేనండీ, వానొస్తే పిల్లలు తడిసి ముద్దవుతారు, ఇలాంటి షెడ్డు మనకెందుకు?" అన్నాడు. పాపం అతనికి నిబంధన సంగతి తెలియదు. పైకప్పు పని మరిదిగారిదేనని అధ్యక్షులు ప్రకటించేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాక కాదనడం వ్యాపారస్తుడికి కుదరదు. కాబట్టి కొత్త రేకులు, అతని గోదాములోవే, మందమైనవే, వెయ్యవలెను. నేను గోటితో కొట్టి చూస్తాను. మా ఆయన పెద్ద గొడుగును ఇతనికి ఇస్తున్నాను. మా ఆయన చనిపోయిన ఏడాది నేను షాపు మూసేద్దామనుకుంటే, తన వ్యాపారం వదులుకుని నా పక్కన నిలబడి రంపం పట్టింది ఈ మరిదే. ఆ సంగతి నేను మర్చిపోయానని అతను అనుకుంటున్నాడు. మర్చిపోలేదు. గొడుగు అందుకే.

4. నా కొడుకుకు. ఇల్లు, కోడలితో ఉమ్మడిగా. అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ముందు కోడలి సంతకం పడవలెను. వీడు బస్సు డ్రైవరు. మాట్లాడాల్సిందంతా హారన్ మీదే మాట్లాడేసి ఇంటికొచ్చి మౌనంగా తిని పడుకుంటాడు. బంగారంలాంటివాడు, కానీ వీడి వల్ల సంఘానికి ఉపయోగం లేదు.

5. ప్రతి సమావేశంలోనూ "అంతా బాగుంది" అని టీ తాగి వెళ్ళే ఫొటో స్టూడియో ఆయనకు ఏమీ ఇవ్వడం లేదు. అంతా బాగానే ఉంది కదా.

6. హెడ్మాస్టరుగారికి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఈయనదే. నాతో ఇంతకాలం పోట్లాడిన మనిషికి నా మనసులో ఏముందో ఇంకెవరికన్నా బాగా తెలుసు. మా సమావేశాలు ఒకటో తరగతి గదిలో, పిల్లల పొట్టి బల్లల మీదే జరుగుతాయి. ఈయన తాటిచెట్టంత మనిషి. మోకాళ్ళు గడ్డానికి తగులుతూ ఉంటే చూసి ఇన్నేళ్ళూ లోలోపల నవ్వుకున్నాను. ఈయన ఎత్తుకు తగిన కుర్చీ ఒకటి ఎప్పుడో చేసి దుప్పటి కప్పి దాచాను. నేను పోయాకే ఇవ్వవలెను. బతికుండగా ఆ నవ్వు వదులుకోవడం నా వల్ల కాదు.

పోయిన వారం నన్ను చూడడానికి వచ్చి, దారిలో షెడ్డు కూడా చూసి, "కిటికీ లేదేమిటమ్మా, పిల్లలకు గాలెలా ఆడుతుంది?" అన్నారు. అని నాలుక కరుచుకున్నారు. ఇన్నేళ్ళలో ఆయన నోట వచ్చిన మొదటి ఫిర్యాదు అది. ఇది సమావేశం కాదు కదా అని తప్పించుకోబోయారు. సంఘ సభ్యులు ఇద్దరున్న చోటల్లా సమావేశమేనని నేను తీర్పు చెప్పాను. కిటికీ ఆయనది.

7. సంతాప సభ. నన్ను ఎవరూ పొగడరాదు. తిట్టదలచినవారు ధారాళంగా తిట్టవచ్చు. ఏ పని సగంలో వదిలేసి పోయానని తిడతారో ఆ పని వారికే చెందును.

8. నా కోడలికి. షాపు, పనిముట్లు, మా ఆయన చెక్క నునుపు చేసే చేతి చిత్రిక, దాన్ని పెట్టే పెట్టె. సంఘంలో నా స్థానం కూడా. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది ఆమే కనుక ఈ మాటలు ఆమె రాయక తప్పదు. ఈమె కంటికి కనిపించని లోపం లేదు. సమావేశం నుంచి ఇంటికి నడిచే దారిలో ఏ టీచరు అలసిపోయిందో, ఏ పిల్ల బోర్డు కనపడక పక్కపిల్ల పలకలో చూస్తోందో, గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. గదిలో మాత్రం పెదవి విప్పదు. అందరిలో నేనేం మాట్లాడతాను అత్తయ్యా అంటుంది. ఇంట్లో నా వంట గురించి, నా మందుల గురించి, నా గురక గురించి మాట్లాడే నోరేనా ఇది అనిపిస్తుంది.

నాకు చావంటే భయం లేదు. ఆ షెడ్డు పైకప్పుకూ కిటికీకీ మనుషులు కుదిరినా, నేల గుంటలు గుంటలుగా ఉందని అందరికీ తెలిసీ, నేను వెళ్ళలేని రేపటి సమావేశంలో ఎవరూ నోరు మెదపక, బడి తెరిచేరోజున అధికారి వచ్చి తల అడ్డంగా ఊపి పోతాడేమోనని భయంగా ఉంది. అప్పుడు మా చిన్న బడి ఉండదు. నాకు నిద్ర పట్టనిది దీని గురించే. అమ్మాయీ, నీకు నేనిచ్చే ఆస్తిలో షాపు చిన్నది, ఈ దిగులు పెద్దది. రెండూ తీసుకో.

లాభం పొందేవారు సాక్షి సంతకం చేయరాదని ప్లీడరుగారు చెప్పారు. కోడలికి షాపుతో పాటు నేనిచ్చే పని చూసి, మొత్తం మీద ఇది లాభమా నష్టమా అని కాసేపు తల గోక్కుని, ఎందుకొచ్చిన గొడవ, రాసిన మనిషిగా దస్తూరి వరకే ఉంచమన్నారు. అలాగే ఉంచాను.

పై సంగతులన్నీ నాకు చదివి వినిపించగా, నా మాటలేనని, మొహమాటానికి ఒక్కటీ కలపలేదని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను. బడులు తెరవడానికి నెల రోజులు ఉందనగా, బుధవారం, సాయంత్రం దీపాలు పెట్టేవేళ.

(సంతకం) రంపం పిన్ని

సాక్షులు, ఇద్దరూ సంఘ సభ్యులే:
1. డాక్టరుగారు
2. పాల డిపో నడిపే ఆమె

దస్తూరి: కోడలు. అత్తయ్య చెప్పింది చెప్పినట్టు రాశాను, ఒక్క అక్షరం మార్చలేదు. కానీ ఆపరేషన్ వద్దనడం నాకు నచ్చలేదు. అది తప్పు. ఇద్దరు సభ్యుల ఎదుట ఈ మాట పైకే అన్నాను. వాళ్ళు విన్నారు, అత్తయ్యా విన్నారు. నిబంధన ప్రకారం ఇక ఆ పని నాది. శుక్రవారం పొద్దున ఆవిడను ఆసుపత్రిలో చేరుస్తున్నాను, డాక్టరుగారు మంచం చూసి ఉంచుతామన్నారు. రేపు కుదరదు. రేపు సమావేశముంది, షెడ్డు నేల గురించి నేను మాట్లాడాలి.