వీపుమీద గీతలు

అత్తయ్యగారికి నమస్కారాలు. కార్డు చూసి కంగారు పడకండి, ఇద్దరం క్షేమమే.

ఆయన వెన్నులో గడ్డను కోస్తే కాళ్లు చచ్చుబడిపోవచ్చట. అందుకే ఆపరేషన్ వద్దని, కోయకుండానే గడ్డను మాడ్చే ప్రోటాన్ కిరణాలు పెడతామన్నారు డాక్టర్లు. ఈరోజు కిరణం తగలాల్సిన చోట వీపుమీద గీతలు గీస్తుంటే, మీ అబ్బాయి బల్లమీంచి లేచిపోయారు. "నేను టైలర్ని. గీత గీశాక కత్తెర పడకుండా ఉంటుందా?" అన్నారు. డాక్టరమ్మ నవ్వి నచ్చజెప్పింది. నాకు నవ్వు రాలేదు. రేపు ఆయన్ని కదలకుండా పడుకోబెట్టి, కిరణం తమకు తగలకుండా అందరూ బయటికొచ్చి తలుపు వేసేస్తారట.

మోకాళ్లకు మందు రాసుకుంటున్నారా? కొట్లో బల్లమీద ఆయన సుద్దతో గీసి వదిలేసిన గుడ్డ ఉంది. మరిది కోస్తానన్నా కోయనివ్వకండి, గీతలు చెరగనివ్వకండి. ఆయనే వచ్చి కోస్తారని, నాకు వినపడకపోయినా సరే, ఒక్కసారి పైకి అనండి.

మీ దీవెన కోసం చూసే
కోడలు