క్యానులో కుంట నీళ్లు

నల్లమాడ
ఫిబ్రవరి 9

మా కదిరమ్మకు,

నీ పనికిమాలిన అన్న కుళ్ళాయప్ప రాస్తున్నాడు. ఏడో తరగతి తప్పినవాడి రాత, కొమ్ములూ దీర్ఘాలూ నువ్వే సర్దుకో. ఫోన్ చేయొచ్చు. చేస్తే నువ్వు "తిన్నావా అన్నా" అంటావు, నేనేదో కోతిమాట అంటాను, నువ్వు నవ్వుతావు, అసలు సంగతి గొంతులోనే ఉండిపోతుంది. బావ పోయి రెండు నెలలవుతోంది, ఇదే తంతు. మొగుడు పోయిన చెల్లెల్ని నవ్విస్తున్నాడని ఊళ్ళో నాకు మంచిపేరు కూడా వచ్చింది. ఆ పేరుకు నిప్పు పెట్టడానికే ఈ కాగితం.

కార్తీకంలో మన చేలో చెనిక్కాయ పీకడానికి పామిడి నుంచి మీరిద్దరూ వచ్చారు గదా. మీ ఆయన ఓబిలేష్ పెళ్ళికి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కాలో దిగాడు, బండి మీద ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యానుతో. "మీ ఊరి నీళ్లు నా కడుపుకు పడవు బావా" అన్నాడు. బావను ఆట పట్టించకపోతే మనింట్లో మర్యాద తక్కువ చేసినట్టు. పదహారేళ్ళుగా అతనూ తక్కువ తినలేదు, పోయిన ఏడు నేను నిద్రపోతుంటే సగం మీసం గొరిగేశాడు. దానికి బదులు తీర్చుకోవాలని కాచుకుని ఉన్నాను.

మూడో రోజు క్యాను ఖాళీ అయింది. నింపుకొస్తానని బండి తీశాను. ఊళ్ళోకి పోలేదు. చేని చివర వాననీళ్లు నిలిచిన కుంట దగ్గర ఆగి, పంచె నాలుగు మడతలు వేసి, వడగట్టి నింపి, మూత బిగించి తెచ్చాను. అనుమానం రాకూడదని ముందు నేనే ఒక గ్లాసు తాగాను. బావ ఒక గ్లాసు గటగటా తాగి, "చూడప్పా, నీళ్లంటే ఇవి! నాలిక మీద తీపి తెలస్తాండాది" అన్నాడు. నేను చెనిక్కాయ కుప్ప చాటుకు పోయి కడుపు పట్టుకుని నవ్వాను. సాయంత్రం చెబుదామనుకున్నాను. ఇంకొంచెం ఆగితే ఇంకా రుచిగా ఉంటుందని ఆగాను. మీరు వెళ్ళిపోయారు.

పన్నెండు రోజులకు అతనికి జ్వరం. నువ్వు పిలిస్తే వచ్చాను. ముగ్గురం క్లినిక్కు పోయాం. ఏం నీళ్లు తాగినావని డాక్టరు అడిగాడు. బావ వణుకుతూ కూడా ఛాతీ విరుచుకుని, "ఫిల్టర్ నీళ్లు తప్ప నోట్లో పోయను సార్. కావాలంటే మా బావనడుగు" అన్నాడు. డాక్టరు నావైపు చూశాడు.

నేను తలూపాను.

అంతే కదిరమ్మా, నేను చేసింది. కుంట నీళ్లు పోసింది ఆట. తల ఊపింది ఆట కాదు. జ్వరంతో ఉన్న మనిషి ముందు నవ్వులపాలవుతానని, నలుగురిలో తిడతాడని భయపడ్డాను. మామూలు జ్వరమేనని బిళ్ళలిచ్చారు. పద్దెనిమిదో రోజు కడుపు చెక్కలాగా బిగుసుకుంది. అనంతపురం పెద్దాసుపత్రిలో కోసి చూస్తే టైఫాయిడ్, పేగుకు చిల్లి. నాలుగు రోజులు బతికాడు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు నిజం చెప్పాను. ఆమె తప్ప ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. "అదే నీళ్లు నేనూ తాగినా మేడం, నాకేమీ కాలేదే?" అని అడిగాను. ఆమె మందుల చీటీ వెనక గీతలు గీసి చెప్పింది. పేగు లోపలి గోడకు ఒకే ఒక్క వరస కణాలుంటాయట. అది ఉత్త గోడ కాదు, కాపలా కూడా అదేనట. క్రిమి ఒక కణంలోకి దూరిందంటే, ఆ కణం ఊరుకోదు. ఒంట్లోని రక్షణ కణాలకు కేక పంపుతుంది. ఆ క్రిమిని లోపలే పట్టుకుని, వరసలోంచి తానే ఊడి కింద పడిపోతుంది. పక్క కణాలు జరిగి ఆ సందు మూసేస్తాయి. టైఫాయిడ్ క్రిమి మాత్రం గజదొంగ, పెద్ద కేక లేవకుండా లోపలికి జారుకుంటుంది. ఒకరి ఒంట్లో పట్టుబడుతుంది, ఒకరి ఒంట్లో పట్టుబడదు. "ఎవరికెట్లా అని ముందే చెప్పలేము. కుంట నీళ్లని మొదటే తెలిసుంటే పరీక్ష చేసి, ఆ మందే మొదలుపెట్టి ఉందురు. బతికి ఉండునేమో" అంది.

కంటికి కనిపించని కణమే కేక వేస్తుందట. సంత మొత్తానికి వినపడే నోరు నాది, ఒక్క మాట రాలేదు.

బెంగళూరులో వాచ్‌మన్ పని చూసుకున్నాను. నెలాఖరుకు పోతాను. మీ గడప మళ్ళీ తొక్కను. నన్నిక అన్నా అని పిలవద్దు.

కుళ్ళాయప్ప

పామిడి
ఫిబ్రవరి 15

అన్నా,

వద్దన్నావు, అయినా పిలిచాను.

నువ్వు కుంట దగ్గర పంచె మడతలు వేస్తుంటే నేను తుమ్మకంప అవతల ఉన్నాను. అంతా చూశాను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆయన ఆ నీళ్లను పొగుడుతుంటే రెండో గ్లాసు వంచి ఇచ్చింది నేనే.

క్లినిక్కులో ఆయన పక్కనే కూర్చున్నాను గదా. చెబుదామని నోరు తెరిచాను. నువ్వు తలూపావు. అన్నను అబద్ధాలకోరుని చేయడమెందుకని మూసుకున్నాను. ఇంటికొచ్చాకైనా చెప్పొచ్చు. చెబితే మీ ఇద్దరి రాకపోకలు తెగిపోతాయని ఈ రోజు, రేపు అని జరిపాను. ఆయన నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ పద్దెనిమిది రోజులు జరిపాను.

నిన్ను క్షమించానని రాయలేను. అట్లా రాస్తే నన్ను నేను క్షమించుకున్నట్టవుతుంది.

నీకు తెలియని సంగతొకటి ఉంది. మా అత్త నాగలక్ష్మమ్మ పొయ్యి దగ్గరికి పోవడం మానేసింది. జ్వరం వచ్చే ముందురోజు ఆయనకు పులిసిన మజ్జిగ పోసిందట. "ఈ చేత్తోనే నా కొడుకును చంపుకుంటినే" అని ఆ చేతిని గోడకేసి కొట్టుకుంటోంది. నిన్న మణికట్టు వాచిపోయింది. ఉప్పు కాపడం పెట్టాను, గుడ్డ చుట్టాను. "మజ్జిగ కాదత్తా" అని మాత్రం అనలేకపోయాను. అంటే, మరేమిటని అడుగుతుంది.

బుధవారం పొద్దున బస్సుకు రా. ఆమె ముందు ఇద్దరం కూర్చుందాం. నువ్వు మొదలుపెట్టు, ఆగిపోతే నేను అందుకుంటాను. తిడితే పడదాం, కొడితే కదలకుండా ఉందాం. ఆ తర్వాత బెంగళూరు పోతావో ఇక్కడే ఉంటావో నీ ఇష్టం.

ముందు ఆ చెయ్యి ఆగాలి.

నీ చెల్లెలు
కదిరమ్మ