బిట్టుగా రాని ప్రశ్న

మంగళవారం రాత్రి, అనకాపల్లి

ఒళ్లు మండిపోతోంది. అన్నం కూడా సహించలేదు.

సెకండియర్ క్లాసులో అయస్కాంత క్షేత్రం చెబుతుంటే, చేపలమ్మే వాళ్ల పిల్ల దేవి లేచింది. "మేడం, సూరీడి కాడ్నుంచొచ్చే గాలి భూమంతటికీ తగలాల గదండి, ద్రువాల కాడే ఎందుకు దిగతాదండి?"

ఎన్నాళ్లకు ఒక నిజమైన ప్రశ్న! సంబరంగా బోర్డు మీద భూమి బొమ్మ వేశాను. ఆ సౌర పవనం మామూలు గాలి కాదు, సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాలే. భూమి అయస్కాంత రేఖలు వాటిని పక్కకు నెట్టేస్తాయి. ధ్రువాల దగ్గర మాత్రం ఆ రేఖలే నేలలోకి దిగుతాయి కాబట్టి, వాటి వెంట కణాలూ జారతాయి. గాలి విసురు పెరిగితే అక్కడ పైన రేడియో తరంగాలను తిప్పి పంపే అయనోస్ఫియర్ పొర అల్లకల్లోలమై, ఆ దారిన పోయే విమానాల రేడియోలు మూగబోతాయి. ఇంతవరకూ చెప్పానో లేదో, సీసీ కెమెరాలో చూసి కాలేజీ ఇన్‌ఛార్జి ఊడిపడ్డాడు.

"ఇది ఎంట్రన్సులో బిట్టుగా వత్తాదా మేడం? రాందానికి టైమెందుకండి?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. బొమ్మ తనే తుడిచేసి పోయాడు.

సాయంత్రం స్టడీ అవర్లో దేవి నా దగ్గరకొచ్చింది. "సారీ మేడం, నా వల్ల మాట పడ్డారు. ఇంకెప్పుడూ అడగనండి."

ఆ పిల్ల సారీ చెప్పడమేమిటి!

రేపు మొదటి పీరియడ్ నాదే. ఆ బొమ్మే మళ్లీ వేస్తాను, బోర్డు నిండా. తుడవడానికి రమ్మను, చూస్తాను.