పిట్ట ముట్టిన రోజు

శుక్రవారం, రాత్రి. దోహా.

ఇయ్యాల, సచ్చిపోయిన మా పెద్దోడు రమేశ్ పేరు మీద పిట్టకు పెట్టినం. పోలీసు కేసు తెగేదాక చిన్నోడు శీను దేశం దాటొద్దన్నరు, గందుకే ఊరికి పోలేదు. నేను వంట చేసే మేడమోళ్ల మిద్దె మీదనే ఇస్తరేసి అన్నం, మటన్, గారెలు పెట్టిన. ఒక్క పిట్ట వాలలేదు. పిట్ట ముట్టకుంటె పోయినోళ్ల మనసుల ఏదో మిగిలిపోయినట్టే.

"ఈ దేశంల కాకులేడున్నయే అమ్మా" అన్నడు శీను. గని వాని మొఖం తెల్లవోయింది. లుసైల్‌ల బిల్డింగ్ కట్టే సైట్ మీద అన్న పైకెల్లి పడ్డప్పుడు పక్కన ఉన్నది వీడే. పడకుండ కట్టుకునే బెల్టు ఇయ్యకుండనే ఫోర్‌మన్ రమేశ్‌ను పైకి ఎక్కిచ్చిండు. ఇప్పుడేమో రమేశే బెల్టు ఇప్పుకున్నడని ఎల్లుండి పోలీసుల ముందట శీనును చెప్పుమంటున్నడు.

శీను చేతులు జోడించి, "అన్నా, నేను ఉన్నదే చెప్త. తిని పో" అన్నడు. ఎక్కడికెల్లి వచ్చిందో, ఒక గోరింక వాలి గారె పొడిచింది. శీనుతోని లేబర్ క్యాంప్‌ల ఉండే పోరగాండ్లు "రమేశ్ నిమ్మళపడ్డడు చిన్నమ్మా" అని సంబరపడ్డరు.

సాయంత్రం ఫోర్‌మన్ శీనుకు ఫోన్ చేసిండు, పక్కనుండి నేను ఇన్న. "రేపటి సంది నీ డ్యూటీ మీ అన్న చేసిన కాడనే. యల్లా, జల్ది, పొద్దుగాలనే రా" అని నవ్వుకుంట పెట్టేసిండు.

అబద్ధమాడితే ఆ పూట అన్నం పెట్టకుండ పెంచిన ఇద్దరిని. రాత్రి శీను క్యాంప్‌కు పోయే బస్సు ఎక్కుతుంటె, "ఆ ఫోర్‌మన్ చెప్పుమన్నట్టే చెప్పు బిడ్డా" అందామని వెంబడి ఉరికిన. శీను తిరిగి చూసిండు. నా నోట్లకెల్లి "పైలం బిడ్డా" అనే వచ్చింది.